ఢిల్లీ లేఖ: చప్పుడు లేని బండి మీద రాజ్‌హరా కొండకు

పార్లమెంటు బడ్జెటు సమావేశాల మొదటి విడత ముగిసి, సభ్యులు నియోజకవర్గాలకు తరలిపోయి, స్థాయీ సంఘాలు మంత్రిత్వశాఖల పద్దులను తిరగవేసే విరామంలో రాజధాని విలేఖరికి వార్తలు తక్కువ, వదంతులు ఎక్కువ. ఈసారి ఆ విరామంలో నేను ఢిల్లీలో లేను. భిలాయ్ ఉక్కునగరంలో క్యాంప్ 1లో కాపురముంటున్న మా పెదనాన్నగారి అమ్మాయి ఇంటికి వెళ్ళాను. వెళ్ళిన పని కుటుంబానికి చెందినది. దానితో పాఠకులకు నిమిత్తం లేదు. కాని అక్కడ ఒక పగలంతా బ్యాటరీ బండి వెనుక కూర్చొని నేను చేసిన కొండ ప్రయాణం, సభలో నేను చాలా కాలంగా వింటూ వస్తున్న ఒక చర్చకు మరొక పార్శ్వాన్ని చూపింది. అందుచేత ఈ వారం లేఖకు అదే విషయం.

హజ్రత్ నిజాముద్దీన్‌లో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి దుర్గ్‌లో దిగాను. అదే రైలులో దిగకుండా కూర్చుంటే రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరాల మీదుగా విశాఖపట్నం చేరవచ్చు. రాయపూర్-విజయనగరం మార్గం 1931లో పూర్తయింది. పాతికేళ్ళ తరువాత ఆ పట్టాల మీదుగానే ఉత్తరాంధ్ర కూలీలు తట్టా బుట్టా కట్టుకొని భిలాయ్‌కి వచ్చారు. నాటి శ్రీకాకుళం జిల్లాలో పార్వతీపురం, బొబ్బిలి ప్రాంతాలు కూడ కలిసే ఉండేవి. విజయనగరం జిల్లా 1979లో గాని ఏర్పడలేదు. కరవునాడు రంగూనుకు ఓడ ఎక్కిన తరం వెళ్ళిపోయిన తరువాత, వారి మనుమలకు భిలాయ్ ఒక రంగూను అయింది.

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు లక్ష్యంగా కర్మాగారం లేచింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి కొలిమిని ప్రారంభించారు. ఆ కొలిమికి పునాదులు తవ్వినవారికి, కాంక్రీటు మోసినవారికి తాత్కాలికంగా వేసిన బస్తీలే క్యాంపులు. ఉద్యోగులకు సెక్టార్లు వచ్చాయి: వెడల్పైన వీధులు, వరుస చెట్లు, బడి, ఆస్పత్రి, సెక్టారు 5లో బాలాజీ మందిరం. క్యాంపులో మాత్రం గోడకు గోడ ఆనుకొన్న ఇళ్ళు, మోటారుబండి ఒకటి నిలిపితే మనిషి పక్కకు ఒత్తిగిలి నడవవలసిన సందులు. ఒక గడపలో తెలుగు, ఎదుటి గడపలో భోజ్‌పురి, కుళాయి దగ్గర ఛత్తీస్‌గఢీ, కొట్టు దగ్గర ఒడియా. మా అక్క ఈ నాలుగింటిలోను తగవు పెట్టుకోగలదు.

బావగారి తండ్రి 1957లో మట్టి పనికి వచ్చి, తరువాత కర్మాగారంలో పర్మినెంటు ఉద్యోగి అయ్యారు. బావగారు రోలింగు మిల్లులో చేసి పదవీవిరమణ చేశారు. ఇద్దరు కొడుకులలో ఒక్కరికీ ఆ గేటులోపల స్థానం దొరకలేదు. పెద్దవాడు పవర్‌హౌస్ దగ్గర పెట్రోలు బళ్ళు బాగుచేసే రేకుల షెడ్డు నడుపుతున్నాడు. చిన్నవాడు కొన్నాళ్ళు కాంట్రాక్టరు కింద గేటు పాసు మీద పనిచేసి, అది మాని, బ్యాటరీ బండి కొని ఇల్లిల్లూ తిరిగి పార్సెళ్ళు చేరవేస్తున్నాడు. భిలాయ్ మీద చాలా ఏళ్ళు పరిశోధన చేసిన ఆంగ్ల మానవశాస్త్రజ్ఞుడు జొనాథన్ ప్యారీ 2020లో వెలువరించిన గ్రంథంలో అక్కడి శ్రామికులు 'నౌకరీ' అనీ 'కామ్' అనీ రెండుగా చీలిన తీరును వివరించాడు. నౌకరీ అంటే జీతం, సెలవు, క్వార్టరు గల కొలువు. కామ్ అంటే రేపు ఉంటుందో ఉండదో తెలియని పని. ఆ గ్రంథం బావగారు చదవలేదు. ఐతే ఆయన నాతో అన్న మాట ఇది: "మా నాన్నతో క్యాంపు తాత్కాలికం, కొలువు శాశ్వతం అన్నారు. క్యాంపు ఉండిపోయింది. కొలువే తాత్కాలికమైపోయింది."

ఇక బండి సంగతి. చిన్న మేనల్లుడు దానిని వాయిదాల మీద కొన్నాడు. కొన్న రోజులలో కేంద్ర రాయితీ ఎంత ఉన్నదో, తరువాత ఎంతకు దిగినదో వానికి కంఠతా వచ్చు. నాకు కాగితాల మీద వచ్చు. 2019లో పదివేల కోట్ల రూపాయలతో మొదలైన ఫేమ్ రెండవ దశలో, 2021 జూన్ నుంచి ద్విచక్ర వాహనానికి బ్యాటరీ సామర్థ్యంలో ప్రతి యూనిట్‌కు 15,000 రూపాయల రాయితీ ఉండేది. 2023 జూన్‌లో దానిని 10,000 చేశారు. ఆ పథకం 2024 మార్చి 31తో ముగిసింది. 2024 అక్టోబరు 1న ఆరంభమైన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకం కింద అది 5,000 రూపాయలకు, రెండవ సంవత్సరంలో 2,500కు దిగింది. సభలో ఈ వాహనాల మీద ప్రశ్న వచ్చినప్పుడల్లా మంత్రులు చదివే సమాధానం ఈ అంకెల చుట్టూనే తిరుగుతుంది: ఎన్ని బళ్ళు అమ్ముడుపోయినవి, ఎన్ని కోట్లు విడుదలైనవి, ఎన్ని ఛార్జింగు కేంద్రాలు వెలిసినవి.

అన్నదమ్ములు ఇద్దరూ ఒకే పళ్ళెంలో తినేవారే. కాని ఆ బండి వచ్చిన నాటినుంచి వారి మధ్య ఒక మౌనం ఉన్నదని అక్క నాతో రహస్యంగా చెప్పింది. పెద్దవాడు ఆ బండిని ఒకనాడు విప్పి చూశాడట. అందులో కార్బురేటరు లేదు, ప్లగ్గు లేదు, క్లచ్చి లేదు, ఇంజనాయిలు లేదు. మిగిలినవి టైర్లు, బ్రేకులు. తక్కినదంతా మూసిన పెట్టె. "తమ్ముడు కొన్నాడు సరే, సందులో ప్రతివాడూ కొంటే నేనేం విప్పాలి?" అని అన్నాడట. తమ్ముడు నొచ్చుకొన్నాడు. రోజుకు రెండు వందల పెట్రోలు తప్పి పదిహేను ఇరవై రూపాయల కరెంటుతో పని జరిగితే వాయిదా కట్టగలడు, లేకపోతే కట్టలేడు.

ఆ మౌనం నడుమ ఇంట్లో కూర్చోవడం ఇబ్బందిగా తోచి, "కొండలవైపు ఎక్కడికైనా పోదామా?" అని చిన్నవానిని అడిగాను. "రాజ్‌హరా పోదుం మామయ్యా. బండి సత్తా ఎంతో నాకూ తెలుస్తాది" అన్నాడు. దల్లీ-రాజ్‌హరా భిలాయ్‌కి దాదాపు తొంభై కిలోమీటర్లు. నూరు కిలోమీటర్లు పరుగెడుతుందని అమ్మినవారు చెప్పిన బండి అది. ఇద్దరు మనుషులు, అందులో ఒకరు యాభై దాటి బరువెక్కిన విలేఖరి, పైగా కొండదారి అన్న షరతులు వారు చెప్పలేదు. ఎన్నికల వాగ్దానాలకు వలెనే వాహనాల వాగ్దానాలకు కూడ సమతల భూమి, ఏకాంతం, అనుకూల వాయువు ఉండాలి కాబోలు.

తెల్లవారుజామున ఐదున్నరకు మేనల్లుడు మేడమీద గదిలో రాత్రంతా ఛార్జి అయిన బ్యాటరీని చంటిపిల్లవాని వలె రెండు చేతులా ఎత్తుకొని మెట్లు దిగి బండిలో అమర్చాడు. సందులో ఒక్క కుక్క కూడ మొరగలేదు. ఉతై, గుండర్‌దేహి దారి పట్టాము. ఎడమా కుడీ వరి కోసిన మళ్ళు, గట్ల మీద తుమ్మలు, ఊరి చెరువుల్లో తామరాకులు. పెట్రోలు బండి మీద మనం చూడగలమే గాని వినలేము. ఈ బండి మీద కంకరపై టైరు చప్పుడు, బావి గిలక, ఎవరింటిలోనో ధాన్యం దంచుతున్న సవ్వడి, జెముడుకాకి అరుపు అన్నీ వినిపించాయి. నా కళాశాల రోజులలో చదివిన స్టీవెన్సన్ జ్ఞాపకం వచ్చాడు. 1878లో ఆయన ఫ్రాన్సు దేశపు సెవెన్ కొండలలో ఒక గాడిదను వెంటబెట్టుకొని తిరిగి ఒక పుస్తకం వ్రాశాడు. ఆ పుస్తకంలో సగం కథ గాడిద అవసరాలదే. మా ప్రయాణంలో కూడ మేనల్లుని కన్ను దారి మీద కంటె అద్దంలోని శాతం మీదనే ఎక్కువ నిలిచింది.

బాలోద్ చేరేసరికి నూటికి ముప్పై నాలుగు మిగిలింది. మేనల్లునికి తెలిసిన ఒక కొట్టులో తీగ తగిలించి, రెండు గంటలు మాకు సెలవు దొరికింది. పట్టణానికి దగ్గరలోనే తాందులా జలాశయం. బ్రిటిషువారు పంట కాలువల కోసం కట్టించినది. కర్మాగారం వచ్చిన తరువాత భిలాయ్ కొలిమిలను చల్లార్చే నీరు కూడ ఇక్కడినుంచే వెళ్ళుతున్నది. కట్ట మీద నిలబడితే అవతల అంచు మసకగా, నీటి కొంగలు వరుసగా. రైతు కాలువా, ఉక్కు కొలిమీ ఒకే చెరువు తాగుతున్నప్పుడు వాన తప్పిన ఏట ఎవరి గొంతు ముందు తడుస్తుందో ఊహించడం కష్టం కాదు.

కొట్టు యజమాని మీటరు చూపిస్తూ, "పొగలేని బండి" అని మెచ్చుకొన్నాడు. పొగ ఇక్కడ లేదన్న మాట నిజం. ఛత్తీస్‌గఢ్ విద్యుత్తులో అత్యధిక భాగం బొగ్గునుంచి వస్తుంది. కోర్బా పొగగొట్టాల కింద ఉన్నవారి సంగతి వేరు. అదే కోర్బా జిల్లాలో కట్‌ఘోరా దగ్గర లిథియం నిక్షేపాల బ్లాకును కేంద్రం 2024లో వేలం వేసింది. బొగ్గు తవ్విన జిల్లాయే రేపు బ్యాటరీ లోహానికి కూడ తన నేలను అప్పగించవలసి రావచ్చు. ఢిల్లీ వీధులలో పొగ తగ్గడం అవసరమే. ఆ నగరంలో కార్తికమాసంలో ఊపిరి పీల్చిన నేను కాదనలేను. ఐతే శుభ్రమైన బండికి కూడ ఎక్కడో ఒక మసిబారిన ఊరు ఉంటుందని గుర్తుంచుకోవాలి.

బాలోద్ దాటి కుసుమ్‌కసా చేరేసరికి భూమి లేవడం మొదలుపెట్టింది. సాలవృక్షాలు, వాటి నడుమ ఆకు రాల్చి పూత మాత్రమే నిలుపుకొన్న మోదుగలు. కొండ వాలంతా ఆ పూతతో ఎర్రబడి ఉండగా, మలుపు తిరిగాక కొండే ఎర్రబడి కనిపించింది. అది పూత కాదు, గని. రాజ్‌హరా కొండను పైనుంచి మెట్లు మెట్లుగా కోసుకొంటూ వచ్చారు. అరవై ఏళ్ళకు పైగా భిలాయ్ కొలిమి తిన్న ఖనిజం ప్రధానంగా ఈ కొండలదే. ఇక్కడి నిల్వలు తరుగుతున్నందున రావ్‌ఘాట్ కొండలవైపు 95 కిలోమీటర్ల రైలుమార్గం తలపెట్టారు. 2023 అక్టోబరు 3న ఆ మార్గంలో తాడోకీ వరకు ప్రయాణికుల రైలు ప్రారంభమయింది. అదేనాడు నగర్నార్ ఉక్కు కర్మాగారాన్ని కూడ ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు.

గని పట్టణం వెలుపల కొండ దిగువనున్న ఒక పల్లెను చుట్టివచ్చే కంకర దారి ఉన్నది. దాని మీద తిరగాలని మా ఉద్దేశం. మొదటి ఎగుడులోనే శాతం పందొమ్మిదినుంచి తొమ్మిదికి జారింది. రెండవ ఎగుడులో బండి ముసలి ఎద్దు వలె నిలిచిపోయింది. నేను దిగాను. మేనల్లుడు దిగాడు. ఇద్దరమూ తోసుకొంటూ అరకిలోమీటరు నడిచి ఇప్పచెట్టు కింద ఒక టీ దుకాణం చేరాము. దుకాణం నడిపేది డెబ్బై దాటిన ఒక ముసలమ్మ. మేనల్లుడు "దాయీ, కాస్త కరెంటు ఇస్తావా?" అని అడిగాడు. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి, సీటు తట్టి, చక్రం దగ్గర వంగి చూసి, ఇంజను ఎక్కడున్నదని అడిగింది. చక్రంలోనే ఉన్నదని చెప్పాడు. తీగ పెట్టుకోనిచ్చింది.

టీ మరుగుతుండగా ఆమె ఛత్తీస్‌గఢీలో ఒక ప్రశ్న వేసింది. మేనల్లుడు వెంటనే నాకు అనువదించలేదు. రెండవసారి అడిగితే చెప్పాడు: "దీనికి చప్పుడు లేదు, పొగ లేదు, నూనె లేదు. మంచిదే. మరి దీనివల్ల ఎవరి పని పోయింది?"

ఆమె గనిలో పనిచేసిన మనిషి. యంత్రాలు రాకముందు ఇక్కడి కాంట్రాక్టు గనులలో ఆలుమగలు జోడీగా పనిచేసేవారు. మగవాడు గడ్డపారతో రాయి పెళ్ళగిస్తే, ఆడది దానిని సుత్తెతో కొట్టి గంపకెత్తి లారీలో పోసేది. వేలాది కుటుంబాలు అలా బ్రతికాయి. యంత్రం వచ్చినచోట మొదట ఇంటికి వెళ్ళినది గంప పట్టిన చేయి. "ఆయన పేరు పుస్తకంలో ఉండిపోయింది, నాది కొట్టేశారు" అని ఆమె కోపం లేకుండా, పాల చుక్కల లెక్క చెప్పినట్లు చెప్పింది.

దల్లీ-రాజ్‌హరా పేరు రాజకీయాలు ఎరిగిన తెలుగు పాఠకులకు కొత్తది కాదు. భిలాయ్ కోక్ ఓవెన్లలో పనిచేసి, అక్కడినుంచి తొలగింపబడిన శంకర్ గుహ నియోగీ, అత్యవసర పరిస్థితి ముగిసి చెరసాలనుంచి వెలుపలికి వచ్చిన 1977లో ఇక్కడి గని కార్మికులు ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్‌ను నిర్మించుకొన్నారు. వారు కోరిన వాటిలో ఒకటి వానకు ముందు గుడిసె బాగుచేసుకోవడానికి నూరు రూపాయలు. 1977 జూన్ 2 రాత్రి నియోగీని అరెస్టు చేశారు. ఆ రాత్రీ మరునాడూ జరిగిన పోలీసు కాల్పులలో పదకొండుగురు మరణించారు; వారిలో ఒక స్త్రీ, ఒక బాలుడు కూడ ఉన్నారు. ఆ మృతుల పేర కార్మికులు తమ చందాలతో, తమ చెమటతో కట్టుకొన్న షహీద్ ఆస్పత్రి 1983లో తెరిచారు. మేము దానిముందు నిలబడి చూశాము. వరండాలో చుట్టుపక్కల పల్లెల రోగులు వరుసగా కూర్చొని ఉన్నారు.

ఆ ఉద్యమం యంత్రాన్ని ఎదుర్కొన్న తీరు నేటికి కూడ అధ్యయనం చేయదగినది. గనులను పూర్తిగా యంత్రాలపరం చేయాలని కర్మాగార యాజమాన్యం తలపెట్టినప్పుడు, సంఘం యంత్రాలు వద్దే వద్దని భీష్మించలేదు. పిండిచేయడం, జల్లించడం వంటి పనులు యంత్రానికి, తవ్వకం, ఎత్తుడు మనిషికి అన్న పాక్షిక యాంత్రీకరణ ప్రణాళికను లెక్కలతో సహా ముందుంచింది. దానిలో ఖర్చెంత, పని ఎంతమందికి, నాణ్యత ఎట్లా అన్న వాదాలు ఉన్నాయి. ఆ లెక్కలతో విభేదించినవారు ఉన్నారు. కాలక్రమంలో పెద్ద యంత్రమే గెలిచిందన్నది కళ్ళకు కనిపిస్తున్న సత్యం. ఐనా, కొత్త యంత్రం వచ్చేటప్పుడు దానిని వాడేవారితో, దానివల్ల పని కోల్పోయేవారితో కూర్చొని మాట్లాడాలన్న సూత్రం మాత్రం ఓడిపోయినదని నేను అనుకోను.

మూడు గంటలకు బండి కడుపు నిండింది. ముసలమ్మ టీకీ, కరెంటుకీ కలిపి నలభై రూపాయలు తీసుకొని, నాణాలు రెండుసార్లు లెక్కపెట్టుకొంది. అప్పుడు పల్లెను చుట్టి వచ్చాము. పాఠకులారా, ఆ గంటసేపు నేను విలేఖరినన్న సంగతి మరచిపోయాను. ఎండ వాలింది. ఎర్రమట్టి గోడల ఇళ్ళు, వాకిట పేడతో అలికిన ముగ్గు, పెంకుల మీద ఆరబోసిన రేగుపళ్ళు. మేకల మంద ఎదురొచ్చింది. చప్పుడు లేనందువల్ల అవి బెదరలేదు, మేమే ఆగవలసివచ్చింది. వాగు దగ్గర నీరు ఒక పక్క తేటగా, గని వైపునుంచి వచ్చే పాయ ఇటుకరంగులో కలిసి, కొంతదూరం రెండు రంగులుగానే పారింది. దిగుడులో మేనల్లుడు మోటారు వదిలేశాడు. చక్రం తనంతట తాను తిరుగుతూ బ్యాటరీకి ఒక్క శాతం తిరిగి జమచేసింది. "చూసినారా మామయ్యా, ఎక్కినప్పుడు పది తీసుకొని, దిగినప్పుడు ఒకటి ఇచ్చింది" అన్నాడు. ఆర్థికశాఖ బడ్జెటు ప్రసంగం జ్ఞాపకం వచ్చి నవ్వుకొన్నాను.

బాలోద్‌లో మళ్ళీ ఆగి, రాత్రి పదికి భిలాయ్ చేరాము. పవర్‌హౌస్ రైల్వే స్టేషను పక్కనుంచి వస్తుంటే మేనల్లుడు, "ఇక్కడే కదా కాల్పులు" అన్నాడు. వాడు పుట్టకముందు మాట. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున ఇదే భిలాయ్‌లో నియోగీ తన ఇంటిలో నిద్రిస్తుండగా కిటికీలోనుంచి కాల్చి చంపారు. తొలగించిన కార్మికులను తిరిగి తీసుకోవాలంటూ 1992 జూలై 1న పట్టాల మీద కూర్చున్నవారిపై పోలీసులు కాల్చగా 16 మంది కార్మికులు మరణించారు. ఒక పోలీసు అధికారి కూడ చనిపోయాడు. నియోగీ హత్య కేసులో 2005 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం కాల్చినవానికి యావజ్జీవ శిక్ష ఖరారు చేసి, పారిశ్రామికవేత్తలతో సహా తక్కినవారిని విడిచిపెట్టిన తీర్పును నిలిపింది. ఇంతకంటె ఈ లేఖలో చెప్పవలసినది లేదు.

మరునాడు ఉదయం పెద్ద మేనల్లుని షెడ్డుకు వెళ్ళాను. ఒక పాత బండి ఇంజను గుడ్డపీలిక మీద విడివిడి భాగాలుగా పరచి ఉన్నది. ప్రయాణం సంగతి, ముసలమ్మ ప్రశ్న చెప్పాను. వాడు చేతులు తుడుచుకొంటూ అన్నాడు: "తమ్ముడి మీద కోపం లేదు మామయ్యా. కొత్త బండి నేర్చుకోడానికి నాకేం నామోషీ లేదు. కాని ఆ పెట్టె విప్పాలంటే కంపెనీ తాళం కావాలి. కంప్యూటరులో వాళ్ళ మాట ఉంటేనే బండి పలుకుతాది. ఆ తాళం నాకియ్యరు. నేర్పితే నేర్చుకొంటాను, తాళమే లేకపోతే నేర్చుకొని ఏం లాభం?"

ఈ మాట దగ్గర విలేఖరికి ఢిల్లీ మళ్ళీ కనిపించింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో 'మరమ్మతు హక్కు' మీద ఒక సంఘాన్ని నియమించింది. సేద్యపు పరికరాలు, చరఫోనులు, గృహోపకరణాలతోపాటు మోటారు వాహనాలను కూడ దాని పరిధిలో చేర్చారు. అదే సంవత్సరం డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచారు. కంపెనీలు తమ మరమ్మతు సమాచారాన్ని అందులో పెట్టాలని ఆశించారు. పోర్టల్ మంచిదే. కాని వాహనం అమ్మినవాడు విడిభాగాన్ని, పరీక్షా పరికరాన్ని, మీట నొక్కే అధికారాన్ని బయటి మెకానిక్కుకు న్యాయమైన ధరకు ఇచ్చి తీరాలన్న శాసనం ఒక్కటే పవర్‌హౌస్ షెడ్డులో పనికివస్తుంది. యూనిట్‌కు ఇన్నివేల రూపాయలని ప్రజాధనం రాయితీగా పుచ్చుకొన్న కంపెనీకి ఈ షరతు విధించడం అన్యాయం కాదు. రాజ్‌హరా గని కార్మికులు నలభై ఏళ్ళకు పూర్వం అడిగినదానికి ఇది చిన్న తమ్ముడు: యంత్రం రానీయండి, మాకు అందులో చేయి పెట్టే చోటు ఉంచండి.

ఆ చోటును చట్టం ఎంతవరకు కాపాడుతుందన్నది వేరే ప్రశ్న. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం కింద ఒక పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధిస్తే ఆ కార్మికులు తమంతట తాము ప్రధాన యజమాని ఉద్యోగులు అవుతారన్న వాదాన్ని సర్వోన్నత న్యాయస్థానం 2001 ఆగస్టు 30న త్రోసిపుచ్చింది. ఆ వ్యాజ్యంలో కక్షిదారు మరెవరో కాదు, భిలాయ్ యజమాని ఐన ఉక్కు ప్రాధికార సంస్థే. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చి, ఆ 1970 చట్టం వాటిలో లీనమయింది. ఇల్లిల్లూ తిరిగి పార్సెళ్ళు ఇచ్చేవారిని సాంఘిక భద్రతా స్మృతి మొదటిసారిగా పేరుపెట్టి గుర్తించింది. గుర్తించడం మంచి ఆరంభమే. కాని చిన్న మేనల్లునికి జ్వరమొచ్చిన రోజున ఆ గుర్తింపు ఎంత జీతంగా మారుతుందో స్మృతి చెప్పలేదు.

మన పాఠకులు ఇది ఎక్కడో ఛత్తీస్‌గఢ్ గొడవ అనుకోరాదు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని ప్రాణాలిచ్చి తెచ్చుకొన్న కర్మాగారాన్ని నూటికి నూరు పాళ్ళు అమ్మడానికి 2021 జనవరిలో మంత్రివర్గ సంఘం సమ్మతించింది. ఆందోళన తరువాత 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజి ప్రకటించారు. ప్యాకేజిని మన సభ్యులు ఘనవిజయమని చెప్పుకొన్నారు. వారిలో ఎవరైనా గాజువాక వీధులలో కాంట్రాక్టు పాసు పోగొట్టుకొన్నవారిని, పెట్రోలు బళ్ళ మెకానిక్కులను ఒక పూట పలకరించి, రెండవ విడత సమావేశాలలో భారీ పరిశ్రమల పద్దుమీద ఆ ప్రశ్న వేస్తే బాగుంటుంది. ప్రశ్న పొడవుగా ఉండనక్కరలేదు. రాజ్‌హరా ముసలమ్మ ఒకే వాక్యంలో అడిగింది.

బయలుదేరే రోజున అక్క పెరుగన్నం మూటకట్టి ఇచ్చింది. దుర్గ్ స్టేషనుకు చిన్నవాడు బండి తీస్తే, వెనుక చక్రం గాలి తక్కువగా ఉన్నది. పెద్దవాడు ఏమీ అనకుండా షెడ్డునుంచి పంపు తెచ్చి, మోకాలి మీద కూర్చొని గాలి కొట్టాడు. తమ్ముడు బండి పట్టుకొని నిలబడ్డాడు. "డబ్బులు?" అన్నాడు నవ్వుతూ. "రాసుకొన్నాను" అన్నాడు అన్న. ఇంట్లో కొంతకాలంగా ఇద్దరి మధ్య వినని మాటలు అవి. రైలు వేళ అవుతున్నది; నేను వెనుక ఎక్కి కూర్చొన్నాను.